ఎడమచేతిలో సంచి

మోకాళ్ళకు కట్టుకునే దూది పట్టీలు రెండు, మోచేతులవి రెండు, నొప్పులకు రాసుకునే నూనె సీసా, చొక్కాలు రెండు, ఒక దుప్పటి. తమ్ముడి సంచిలో పెట్టాల్సినవి అంతే. అయినా నేను వాటిని నాలుగోసారి బయటికి తీసి మళ్ళీ సర్దుతున్నాను. నూనె సీసా మూత ఊడితే చొక్కాలు పాడవుతాయని ఒకసారి తీశాను. దుప్పటి అడుగున ఉంటే బస్సులో తీసుకోవడం కష్టమని ఇంకోసారి తీశాను. అసలు సంగతి అది కాదు. సర్దడం అయిపోతే వాడు వెళ్ళిపోతాడు.

అమ్మ ఆసుపత్రికి వెళ్ళిన రోజు కూడా సంచి సర్దింది నేనే. అమ్మ ఇంటికి రాలేదు. అప్పటి నుంచి మా ఇంట్లో ఎవరు సంచి తీసినా నేనిలా తీసి సర్దుతూనే ఉంటాను.

"అక్కా, దానికి కూడా నోట్సు రాస్తావా ఏంటి?" అన్నాడు తమ్ముడు. గుమ్మంలో కూర్చుని బూట్లకు తాళ్ళు కట్టుకుంటున్నాడు.

"రాస్తే తప్పా? ఏది ఎక్కడ పెట్టానో నీకు తెలియొద్దూ."

"ఉన్నవి ఎనిమిది. కళ్ళకు గంతలు కట్టినా తీస్తాను."

కళ్ళ మాట వినగానే నా చేయి ఆగింది. వాడు గమనించలేదు.

వాడి బస్సు ఆరింటికి. మూడు రోజుల క్రితం వరకు ఊళ్ళో అందరికంటే ఎత్తు నుంచి దూకిన డూపు వాడు. ఇప్పుడు ఎక్కడో దూరాన, పేరు కూడా పెట్టని సినిమాలో గుంపులో తన్నులు తినడానికి వెళుతున్నాడు. ఆ గతి పట్టించింది నేను.

సినిమా తెర మీద కనిపించే వరసలో తీయరు. గుమ్మంలోకి అడుగు పెట్టేది ఈ నెలలో తీస్తే, గది లోపల పడే అడుగు మూడు నెలల తర్వాత తీయవచ్చు. ఆ రెండు అడుగులకూ మధ్య చొక్కా గుండీ మారకుండా, జుట్టు పాపిట మారకుండా, చేతిలో ఉన్నది ఆ చేతిలోనే ఉండేలా చూసి పుస్తకంలో రాసుకోవడం నా పని. అందుకే యూనిట్‌లో నన్ను నోట్సక్క అంటారు.

మేం చేస్తున్న సినిమాలో, మూతపడిన దూది మిల్లు మూడో అంతస్తు కిటికీలోంచి హీరో సంచితో దూకాలి. కింద దూది బస్తాల లారీ కదులుతూ ఉంటుంది. హీరో కిటికీ ఎక్కేదాకా అతనే చేశాడు. దూకింది మా తమ్ముడు. ఆ సాయంత్రమే మిల్లు కూల్చేస్తున్నారు కాబట్టి దూకడానికి ఒక్కసారే అవకాశం. వాడు దూకాడు, బస్తాల మీద సరిగ్గా పడ్డాడు, అందరూ చప్పట్లు కొట్టారు. నేను పుస్తకంలో 'సరిపోయింది' అని రాశాను. గంటలో మిల్లు నేలమట్టమైంది.

తర్వాత ఎడిటింగు గదిలో తేలింది, సరిపోలేదని. కిటికీ ఎక్కినప్పుడు హీరో కుడిచేతిలో ఉన్న సంచి, గాలిలోకి వచ్చేసరికి ఎడమచేతిలో ఉంది. మా తమ్ముడిది ఎడమచేతి వాటం. ఎప్పుడూ హీరోను బట్టి చేయి మార్చుకునేవాడు, ఆ రోజు కంగారులో మర్చిపోయాడు. అది చూసి ఆపాల్సింది నేను. ఎలా చూడలేకపోయానో ఎవరికీ చెప్పలేదు. ఆ దూకుడు మొత్తం తీసేయమనీ, మా ఇద్దరినీ ఇక రావద్దనీ ప్రొడ్యూసరు అన్నాడు. అప్పటికి డైరెక్టరు గారు పాటల రికార్డింగు పని మీద వేరే ఊరు వెళ్ళి ఉన్నారు.

సంచి జిప్పు లాగుతుండగా వీధిలో కారు ఆగింది. డైరెక్టరు గారి డ్రైవరు దిగకుండానే తల బయటపెట్టాడు.

"నోట్సక్కా, గురువుగారు వచ్చేశారు. నిన్ను రమ్మన్నారు. పుస్తకం తెమ్మన్నారు. తమ్ముణ్ణి కూడా ఎక్కించుకు రమ్మన్నారు."

"వీడికి ఆరింటికి బస్సు ఉందయ్యా."

"బస్సు సంగతి నాకు తెలీదు. ఆయన చెప్పులు విప్పేసి తిరుగుతున్నారు. తర్వాత నీ ఇష్టం."

తమ్ముడూ నేనూ మొహాలు చూసుకున్నాం. డైరెక్టరు గారు చెప్పులు విప్పారంటే బుర్రలో ఏదో తిరుగుతోందని అర్థం. అది బయటికి వచ్చేదాకా ఆయన గదిలో గడియారం ముల్లులా గుండ్రంగా నడుస్తూనే ఉంటారు.

ఆయన గురించి ఒక మాట చెప్పాలి. నేను బడికి వెళ్ళలేదు. గోడల మీద అంటించిన ఆయన సినిమా పోస్టర్లు చూసి అక్షరాలు కూడబలుక్కున్నాను. పక్కింటి పిల్లవాడి వాచకం నాకు ఎక్కలేదు గాని, ఆ ఎర్రటి పెద్ద అక్షరాలు ఎక్కాయి. ఆయన బొమ్మ వచ్చిందంటే నేనూ తమ్ముడూ ముందు బెంచీలో మెడలు పైకెత్తుకుని కూర్చునేవాళ్ళం. ఫైట్లో నవ్వు, నవ్వులో ఫైటు. విలన్ పడే ప్రతి చోటా ఎవరో ఒకరు కూరగాయల బుట్టో, పెయింటు డబ్బానో పట్టుకుని సిద్ధంగా ఉంటారు. హాల్లో ఈలలకు చెవులు మూసుకోవాల్సి వచ్చేది. పత్రికల వాళ్ళు మాత్రం ఆయన సినిమాకు బుర్ర ఇంట్లో పెట్టి వెళ్ళమని రాసేవారు. ఒకసారి ఎవరో ఆ మాట ఎదురుగానే అంటే ఆయన, "బుర్రతో పాటు బాధ కూడా ఇంట్లో పెట్టి వస్తారండీ. నేను తీసేది అందుకే," అన్నారు.

దగ్గర చేరాక ఇంకా పెద్దవారయ్యారు నాకు. ఎవరు ఎంత ఎత్తు నుంచి దూకాలన్నా ముందు ఆయన ఎక్కుతారు. అరవై దాటిన మనిషి, మోకాళ్ళు పట్టుకుని మెట్లన్నీ ఎక్కి, అంచు దాకా వెళ్ళి కిందికి చూస్తారు. "నాకు భయమేసింది. జనానికీ వేస్తుంది. ఇప్పుడు కింద ఇంకో రెండు వరసల బస్తాలు వేయండి," అంటారు. ఆయన దగ్గర పని చేసినవాళ్ళలో ఒక్కరికీ ఎముక విరగలేదు.

మేం వెళ్ళేసరికి ఎడిటింగు గదిలో ముగ్గురున్నారు. ఎడిటరు మెడలో ఫిల్ము ముక్కలు వేలాడేసుకుని బల్ల దగ్గర ఉన్నాడు. ప్రొడ్యూసరు కుర్చీలో ఉన్నాడు. డైరెక్టరు గారు ఉత్త కాళ్ళతో తిరుగుతున్నారు.

"ఏమ్మా," అన్నాడు ప్రొడ్యూసరు నన్ను చూడగానే. "నిన్ను పరిగెత్తమన్నామా, పాడమన్నామా? చూడమన్నాం. అదొక్కటీ చేయలేకపోతే ఎలా?"

నేను తల దించుకున్నాను.

"మీరుండండి," అన్నారు డైరెక్టరు గారు. నా ముందుకొచ్చి ఆగారు. "నువ్వు చెప్పమ్మా. తొంభై రోజుల షూటింగులో ఒక్క గుండీ కూడా నీ కన్ను దాటిపోలేదు. ఇంత సంచి ఎలా దాటింది?"

దారిలో ఒక అబద్ధం సిద్ధం చేసుకున్నాను. ఎండ కళ్ళలో కొట్టిందని చెబుదామనుకున్నాను. ఆ రోజు మబ్బు పట్టి ఉందని నా పుస్తకంలోనే రాసి ఉంది.

"చూడలేదండీ. కళ్ళు మూసుకున్నాను."

ఎడిటరు చేతిలో తిరుగుతున్న చక్రం ఆగింది.

"ఎందుకు?"

"తమ్ముడు కదండీ."

నా వెనక గోడకు ఆనుకుని నిలబడ్డ తమ్ముడు కదిలాడు. "నువ్వు చూడలేదా అక్కా?"

నేను వెనక్కి తిరగలేదు.

"చప్పట్లు కొడితే నీ వైపే చూశాను. నువ్వు రాస్తున్నావు. చూసే రాస్తున్నావనుకున్నా." వాడి గొంతులో కోపం లేదు. అది ఉంటే బాగుండేది. "మన ఇంట్లో అటక మీంచి దూకినప్పుడు కూడా కొంగులో మొహం దాచుకునేదానివి. ఇది మూడంతస్తులక్కా. ఇదొక్కటైనా చూస్తావనుకున్నా. ఇక తీసేస్తారు కూడా."

ఆ తీసేసే ముక్క నా తమ్ముడి బతుకులో అన్నిటికంటే మంచి రెండు క్షణాలని నాకు అప్పుడు తెలిసింది. అది చెత్తబుట్టలో పడితే వాడు ఎక్కే బస్సు ఇక వెనక్కి తిరగదనిపించింది. దాచుకున్నది ఇంకొకటి ఉంది. ఎలాగూ పోయినదాన్నే కదా, అదీ చెప్పేద్దామనుకున్నాను.

"ఇంకో తప్పు కూడా ఉందండీ. మీరెవరూ చూడలేదు."

ప్రొడ్యూసరు నుదురు కొట్టుకున్నాడు. "ఒకటి చాలలేదా తల్లీ?"

పుస్తకం తెరిచి చదివాను. "కిటికీ ఎక్కేటప్పుడు హీరో మెడలో ఎర్ర రుమాలు ఉంది. ముడి ఎడమ వైపు. డూపుకి లేదు. రుమాలు గాలికి మొహం మీద పడుతోందని తమ్ముడు విప్పేశాడు. దూకే ముందు మళ్ళీ కట్టించాలని రాసుకున్నాను. కట్టించలేదు."

డైరెక్టరు గారు ఎడిటరు వైపు చూశారు. ఎడిటరు ఫిల్ము వెనక్కి తిప్పి నడిపాడు. కుడిచేతిలో సంచి, మెడలో రుమాలు. గాలిలో మనిషి, ఎడమచేతిలో సంచి, ఉత్త మెడ. మళ్ళీ తిప్పించారు. మూడోసారి చూస్తూ ఆయన భుజాలు కదలడం మొదలుపెట్టాయి. ఏడుస్తున్నారేమోనని భయపడ్డాను. నవ్వుతున్నారు.

"రుమాలు ఎక్కడికి పోయింది?" అన్నారు, ఎవరినీ ఉద్దేశించకుండా.

"నోట్సక్క కట్టించలేదు," అన్నాడు ప్రొడ్యూసరు.

"కాదండీ. ఎవడో లాగేశాడు. రుమాలు కోసం కాదు, సంచి కోసం చేయి చాపాడు. హీరో సంచి ఆ చేతిలోంచి ఈ చేతిలోకి మార్చేశాడు. వాడి చేతికి రుమాలు దొరికింది. ఎవడు వాడు?"

"బక్కాయన," అన్నాం నేనూ ఎడిటరూ ఒకేసారి.

సినిమాలో బక్కాయన దొంగ. మొదటి రీలు నుంచి ఆ సంచి కోసమే హీరో వెనక పడతాడు. పదకొండు సార్లు చేయి చాపి పదకొండు సార్లూ వేరే ఏదో పట్టుకుంటాడు. ఒకసారి చెప్పు, ఒకసారి పోలీసు టోపీ, ఒకసారి పిల్లి.

"పన్నెండోసారి," అన్నారు డైరెక్టరు గారు. "సంచి ఒక్కటే మారితే తప్పు. రుమాలు కూడా పోయింది కాబట్టి కథ."

"కథ బాగానే ఉంది. తీయడానికి మిల్లేదండీ? కూల్చేశాం కదా," అన్నాడు ప్రొడ్యూసరు.

ఆయన నా వైపు చేయి చాపారు. నేను చదివాను. కిటికీ చట్రం నీలం. మూడు చోట్ల రంగు పెచ్చులూడింది, పైన రెండు, కుడి పక్కన ఒకటి. కింది కడ్డీ లోపలికి వంగి ఉంది. చొక్కా రెండో గుండీ తెగి ఉంది. చెమట వీపు మీద ఉంది, చంకలో లేదు. మబ్బు వెలుతురు. సంచి పిడి దారంతో రెండు చుట్లు.

"ఇంకేం కావాలి? వడ్రంగికి ఒక పూట పని," అన్నారు డైరెక్టరు గారు. "ఈ అమ్మాయి కళ్ళు మూసుకున్నది రెండు క్షణాలండీ. మిగతా తొంభై రోజులు తెరిచే ఉంచింది. దాని మీద బతికేద్దాం మనం."

ప్రొడ్యూసరు లేచాడు. "ఆదివారం మీ మూగ ఆట ఉంటుందిగా. అందులో ఈ చోట నవ్వు వస్తే ఉంచండి. రాకపోతే దూకుడూ వద్దు, వీళ్ళిద్దరూ వద్దు."

"ఒప్పుకున్నాను," అని డైరెక్టరు గారు చెప్పులు వెతుక్కున్నారు.

ఆరింటి బస్సు తమ్ముడు లేకుండానే వెళ్ళిపోయింది. వాడు ఇంటికొచ్చి సంచి తీసి అటక మీద పడేశాడు. నాకు అదే చాలు అనిపించింది.

మర్నాడు స్టూడియోలో బక్కాయన చేత పద్నాలుగు సార్లు చేయించారు. పదోసారి అంతా బాగా కుదిరింది, డైరెక్టరు గారు 'ఓకే' అనబోయారు. "ఆగండి. రుమాలు ముడి కుడివైపు తిరిగింది," అన్నాను. హీరో కోసం కాచుకున్న కారు ఇంకో గంట కాచుకుంది. డైరెక్టరు గారు విసుక్కోకుండా మళ్ళీ మొదలుపెట్టారు.

ఆయన మూగ ఆట గురించి తెలియనివాళ్ళు నమ్మరు. సినిమా పూర్తి కాకముందే ఒక ఆదివారం మధ్యాహ్నం, సినిమాతో సంబంధం లేనివాళ్ళని చిన్న హాలుకు పిలుస్తారు. ఎదురుగా ఉన్న బట్టలుతికే దుకాణం వాళ్ళు, బస్సు డ్రైవర్లు, డ్యూటీ దిగిన నర్సులు. బొమ్మ ఒక్కటే వేస్తారు. మాట ఉండదు, పాట ఉండదు. ఆయన తెర కింద కుర్చీ వేసుకుని, తెరకు వీపు పెట్టి జనం మొహాలు చూస్తూ కూర్చుంటారు. మాట లేకుండా నవ్వితేనే అది నవ్వని ఆయన లెక్క.

ఆ రోజు పక్కన ఇంకో కుర్చీ వేయించారు.

"నీకు దూకుడు చూడాలంటే భయం కదా. నాతో పాటు వీళ్ళని చూడు," అన్నారు నాతో.

కూర్చున్నాను. అరవై మొహాల మీద తెర వెలుతురు మారుతోంది. ఒక లావుపాటి నర్సు చెప్పు దగ్గర నవ్వింది, టోపీ దగ్గర నవ్వలేదు. డైరెక్టరు గారు ఏదో గీసుకున్నారు. పిల్లి దగ్గర అందరూ నవ్వారు. చివరి వరసలో ప్రొడ్యూసరు చేతులు కట్టుకుని ఉన్నాడు. పక్క గోడ దగ్గర తమ్ముడు నిలబడి ఉన్నాడు. వాడు తెర చూడటం లేదు. నన్ను చూస్తున్నాడు.

దూకుడు ఉన్న రీలు దగ్గర పడింది. జనం మెడలు ముందుకు చాచారు. హీరో కిటికీ ఎక్కాడని నాకు వాళ్ళ మొహాల్లో తెలిసింది. నా చేతులు అలవాటుగా కళ్ళ మీదికి వెళ్ళాయి. వాటిని ఒళ్ళో పెట్టుకుని, కుర్చీలో వెనక్కి తిరిగాను.

తెర నా మీద గోడలా ఉంది. బక్కాయన చేయి వచ్చింది. సంచి ఈ చేతిలోంచి ఆ చేతిలోకి వెళ్ళింది. బక్కాయన చేతిలో ఎర్ర రుమాలు. దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, ఇక చేసేదేమీ లేక దాంతోనే మొహం తుడుచుకున్నాడు. నా వీపు వెనక అరవై మంది ఒక్కసారిగా నవ్వారు. ఆ నవ్వు మీదే నా తమ్ముడు దూకాడు.

ఎంత ఎత్తో నాకు అప్పటిదాకా తెలియదు. చేతులు చాచి, కాళ్ళు కొంచెం ఎడంగా పెట్టుకుని, ఎడమచేతిలో సంచితో, ఎక్కడికో హాయిగా ప్రయాణమై వెళుతున్నవాడిలా వచ్చాడు. బస్తాల మీద పడేదాకా చూశాను. రెప్ప వేయలేదు. వెనక ఎవరో ఈల వేశారు. తర్వాత ఇంకొకరు. మాట లేని సినిమాకు ఈలలు.

వెనక్కి తిరిగేసరికి లావుపాటి నర్సు పక్కామె భుజం మీద వాలిపోయి నవ్వుతోంది. ప్రొడ్యూసరు కళ్ళజోడు తీసి తుడుచుకుంటున్నాడు.

"ఉంచండి," అన్నాడు. కళ్ళజోడు పెట్టుకుని, "వాళ్ళని కూడా," అన్నాడు.

తమ్ముడు నా దగ్గరికి వచ్చి వంగాడు. "ఎలా ఉంది?"

"కాళ్ళు కొంచెం ఎడంగా పెట్టావు," అన్నాను. వాడు పడీ పడీ నవ్వాడు.

విడుదల రోజు ఆ రీలు మళ్ళీ వేస్తే గాని జనం ఆపరేటరును వదల్లేదు. బక్కాయన రుమాలు తీయగానే కాగితాలు ఎగిరాయి, కుర్చీలు ఎక్కారు, తమ్ముడు దూకేటప్పుడు ఈలలతో పైకప్పు రేకులు అదిరాయి. అన్నిటికంటే పెద్దది చివర్న ఉంది. అంతా అయిపోయాక డైరెక్టరు గారు తెర మీద మా తమ్ముడి ఫోటో వేయించారు. కింద ఎర్రటి పెద్ద అక్షరాలు: 'దూకింది ఈయన'. డూపు మొహం తెర మీద వేసిన డైరెక్టరు అంతకుముందు మాకు తెలిసి లేడు. ముందు బెంచీలో, చిన్నప్పుడు కూర్చున్న చోటే కూర్చుని, ఆ అక్షరాలను గట్టిగా చదివాను. తమ్ముడు కొంగు పట్టుకుని లాగాడు. "నెమ్మదిగా అక్కా, అందరూ చూస్తున్నారు." చూస్తే చూడనీ అన్నాను. చూశారు కూడా. బయటికి వచ్చేటప్పుడు వాణ్ణి భుజాల మీదకు ఎత్తుకున్నారు. డైరెక్టరు గారు ఎదురుగా టీ కొట్టు దగ్గర నిలబడి, చెప్పులు లేకుండా, ఎవరూ తనను గుర్తుపట్టనందుకు సంతోషపడుతూ చూస్తున్నారు.

ఆ ఫోటో చూసే వాడికి పిలుపు వచ్చింది. సముద్రం మీద తీస్తున్న సినిమా, కొత్త డైరెక్టరు, ఓడ తెరచాప స్తంభం మీంచి దూకాలి. వారం రోజుల పని. తమ్ముడు సెలవు తీసుకోవడానికి వెళితే డైరెక్టరు గారు వాడి భుజం పట్టుకున్నారట. "ముందు ఇంకొకడు ఎక్కి చూడని చోటు నుంచి దూకకు," అన్నారట.

ఈసారి సంచి ఒక్కసారే సర్దాను. అవే ఎనిమిది వస్తువులు. దుప్పటి పైన పెట్టాను. వాడు వీధి మలుపు తిరిగేదాకా కళ్ళు తెరిచే ఉన్నాను. లోపలికి వచ్చి పుస్తకం తీసి రాశాను: నీలం చొక్కా, గుండీలు అన్నీ ఉన్నాయి, సంచి ఎడమచేతిలో.

పదకొండో రోజున సంచి ఒక్కటే వచ్చింది. ఎవరో అపరిచితుడు గుమ్మంలో పెట్టి, దూకినవాడు నీళ్ళ మీదికి రాలేదని చెప్పి వెళ్ళాడు. తెరిచాను. దుప్పటి మడత విప్పలేదు. నూనె సీసా మూత తీయలేదు. దూది పట్టీలు నేను కట్టిన దారంతో అలాగే ఉన్నాయి. ఎనిమిదీ నేను పెట్టిన వరసలోనే ఉన్నాయి.

తమ్ముడు తిరిగి రాలేదు. వాడు మా గుమ్మం దాటింది సినిమా విడుదలైన పదమూడో రోజు, బుధవారం, ఉదయం ఏడు గంటల పది నిమిషాలకు.